ఫుటేజ్‌కీ టైమ్‌లైన్‌కీ జాతకం కలపడం ఎలా?

తలంబ్రాల షాట్ తీసుకోండి. పెళ్లికూతురి దోసిట్లోంచి బియ్యం ధారగా జారుతున్నాయి. కెమెరా వెనక స్క్రీన్‌లో చూసినప్పుడు ముచ్చటగానే ఉంది. ఎడిటింగ్ అయ్యి టీవీలో పెట్టేసరికి ఆ గింజలు సాఫీగా పడటం లేదు, సెకనుకి నాలుగైదు సార్లు ఎవరో కిందికి నెట్టినట్టు గంతులేస్తున్నాయి. కెమెరా మంచిదే. కంప్యూటర్ స్లో అయిందనుకుని ర్యామ్ కొన్నా లాభం లేదు. ఫుటేజ్ ఒక ఫ్రేమ్ రేట్‌లో (సెకనుకి ఎన్ని బొమ్మలో ఆ లెక్కలో) వచ్చింది, మీ టైమ్‌లైన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ, ఇంకో ఫ్రేమ్ రేట్‌లో ఉంది. గొడవంతా అక్కడే.

నేను దీన్ని దెబ్బతిని నేర్చుకున్నాను. ఒక పెళ్లికి మూడు కెమెరాలు 25లో తీశాయి, డ్రోన్ మాత్రం 29.97లో తీసింది. వీడియో డ్రోన్ షాట్‌తో మొదలవ్వాలి కదా అని ముందుగా దాన్నే టైమ్‌లైన్ మీదకి లాగాను. సాఫ్ట్‌వేర్ ఏదో అడిగింది, చదవకుండా ‘సరే’ నొక్కాను. టైమ్‌లైన్ 29.97 అయి కూర్చుంది. మూడు రాత్రులు కూర్చుని మూడు గంటల వీడియో చేసి ఇచ్చాక పెళ్లికొడుకు పెదనాన్నగారు ఫోన్ చేసి, “బాబూ, వీడియోలో మావాళ్లందరూ తడబడుతూ నడుస్తున్నారేంటి?” అన్నారు. ఏ కోర్సూ చేయని ఆయనకి కనిపించింది నాకు కనిపించలేదు. వెనక్కి వెళ్లి మారుద్దామంటే ఫ్రేమ్ రేట్ దగ్గర ఆ గడి బూడిదరంగులోకి పోయి ఉంది, నొక్కితే పలకదు.

అందుకే ఈ పనిలో మొదటి క్లిప్ లాగకముందే నంబరు ఖాయం కావాలి. ఎలాగో వరసగా చెప్తాను. పెళ్లి వీడియోని ఉదాహరణగా పెట్టుకున్నాను, ఎందుకంటే ఇన్ని రకాల ఫుటేజ్ ఒక్క చోట పోగయ్యేది అక్కడే. షార్ట్ ఫిల్మ్‌కైనా యూట్యూబ్ వీడియోకైనా లెక్క ఇదే.

ముందు ఆ జర్క్ ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి

25 టైమ్‌లైన్‌లో సెకనుకి 25 గళ్లు ఉంటాయి. అందులో 30 ఫ్రేముల క్లిప్ వేశారనుకోండి. 5 ఫ్రేములకి చోటు లేదు. సాఫ్ట్‌వేర్ ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి తీసి పక్కన పడేస్తుంది. ఆ ఒక్క ఫ్రేమ్ పోయిన చోట బియ్యపు గింజ మామూలుగా దిగాల్సిన దూరానికి రెట్టింపు దిగుతుంది. సెకనుకి ఐదు గంతులు.

ఇదే తిరగేసి 30 టైమ్‌లైన్‌లో 25 క్లిప్ వేస్తే గళ్లు మిగిలిపోతాయి. వాటిని నింపడానికి ప్రతి ఐదో ఫ్రేమ్‌ని రెండుసార్లు చూపిస్తుంది. నడిచే మనిషి సెకనుకి ఐదుసార్లు రెప్పపాటు ఆగి మళ్లీ నడుస్తాడు. పెదనాన్నగారు పట్టుకున్నది దీన్నే.

25లో 24 వేస్తే సెకనుకి ఒక్క ఫ్రేమే రెట్టింపు అవుతుంది. మనుషులు కూర్చుని మాట్లాడే షాట్‌లో ఎవరికీ తెలియదు కానీ కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్‌లో మాత్రం సెకనుకోసారి టక్కుమంటుంది. 60ని 25లో వేయడం చూడటానికి బాగుంటుందనిపిస్తుంది, ఎక్కువ ఫ్రేములున్నాయి కదా అని. కానీ 60ని 25తో భాగిస్తే 2.4. సగం ఫ్రేమ్‌ని చూపించలేదు కాబట్టి ఓసారి రెండు, ఓసారి మూడు ఫ్రేములు దాటుకుంటూ పోతుంది. అడుగులు సమానంగా పడవు. 50ని 25లో, 60ని 30లో వేస్తే ఏ బాధా లేదు, ఒకటి విడిచి ఒకటి తీసుకుంటుంది, అంతే.

మొదటి పని: ఏ ఫైల్ ఏ నంబరో రాసుకోండి

కెమెరామ్యాన్ చెప్పింది నమ్మొద్దు. “అన్నా, ట్వంటీఫైవ్‌లోనే పెట్టా” అంటాడు, అబద్ధం కాదు, ఉదయం పెట్టాడు. మధ్యాహ్నం స్లోమోషన్ కోసం మార్చి మళ్లీ వెనక్కి పెట్టడం మర్చిపోయుంటాడు.

మీడియాఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని వేసుకుని ప్రతి కార్డు నుంచీ రెండు మూడు ఫైళ్లు అందులోకి లాగండి. రెండు వరసలు చూస్తే చాలు. ఒకటి ‘ఫ్రేమ్ రేట్’, దాని ఎదురుగా 25, 29.97, 59.94 లాంటి నంబరు. రెండోది ‘ఫ్రేమ్ రేట్ మోడ్’, దాని ఎదురుగా ‘కాన్‌స్టంట్’ అని గానీ ‘వేరియబుల్’ అని గానీ ఉంటుంది. కాన్‌స్టంట్ అంటే మొదటినుంచి చివరిదాకా ఒకటే వేగం. వేరియబుల్ అని కనిపిస్తే అది దాదాపుగా ఫోన్ ఫుటేజ్, లేదా కంప్యూటర్ స్క్రీన్ రికార్డింగ్. దాని సంగతి విడిగా చూద్దాం.

ఒక కాగితం మీద రాసుకోండి: ట్రెడిషనల్ కెమెరా 25, క్యాండిడ్ కెమెరా 50, డ్రోన్ 29.97, బాబాయి ఫోన్ వేరియబుల్. పది నిమిషాల పని. నేను ఇప్పటికీ ఫోల్డర్ పేరులోనే ‘డ్రోన్ 29.97’ అని పెట్టుకుంటాను.

29.97, 23.976 ఏంటి, 30, 24 కాదా అని అడుగుతారు. 1953లో అమెరికా వాళ్లు బ్లాక్ అండ్ వైట్ టీవీ సిగ్నల్‌లోనే రంగు కూడా ఇరికించాల్సి వచ్చింది. రంగు సిగ్నల్ సౌండ్ సిగ్నల్‌తో కొట్టుకోకుండా ఉండటానికి 30ని వెయ్యింట ఒక వంతు తగ్గించారు. ఆ తోక ఇప్పటిదాకా మనల్ని వదల్లేదు. చాలా కెమెరాల్లో మెనూలో ‘30’ అని కనిపించినా ఫైల్‌లో ఉండేది 29.97. తేడా చిన్నదే కదా అని వదిలేయకండి. గంటకి 3.6 సెకన్లు.

రెండో పని: నంబరు ఖాయం చేయండి

ఇక్కడ, అంటే ఆంధ్ర, తెలంగాణల్లో తీసే పెళ్లికి నా మాట వినండి: 25 పెట్టుకోండి. కారణం కరెంటు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫంక్షన్ హాల్లో ట్యూబ్‌లైట్లు, హేలోజన్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, కంటికి ఆనదు, కెమెరాకి ఆనుతుంది. 25 ఫ్రేముల్లో షట్టర్ (ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 పెడితే ఒక్కో ఫ్రేమ్‌లోకి సరిగ్గా రెండు మినుకులు వస్తాయి, వెలుగు స్థిరంగా ఉంటుంది. అదే 30 పెట్టి, అలవాటు ప్రకారం షట్టర్ 1/60 ఇస్తే గోడల మీద నీడలు అలల్లా పాకుతాయి. తప్పక 30లోనే తీయాల్సి వస్తే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టమనండి, ఆ బాధ చాలావరకు పోతుంది. సీరియల్ లైట్ల సెట్లు, వేదిక వెనక ఎల్‌ఈడీ వాల్ మాత్రం ఈ లెక్కకి లొంగవు. అక్కడ షట్టర్ అటూ ఇటూ తిప్పి చూసుకోవడమే.

చాలా కెమెరాల మెనూలో ‘పాల్’, ‘ఎన్‌టీఎస్‌సీ’ అని ఒక ఎంపిక ఉంటుంది, పాత టీవీ పద్ధతుల పేర్లవి. పాల్‌లో ఉంటే 25, 50, 100 కనిపిస్తాయి, ఎన్‌టీఎస్‌సీలో ఉంటే 24, 30, 60, 120. షూటింగ్ ముందు రోజు సాయంత్రం అన్ని కెమెరాలూ బల్ల మీద పెట్టి పాల్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. కొన్ని మోడళ్లలో ఇది మారిస్తే మెమరీ కార్డ్ ఫార్మాట్ చేయమంటుంది, ముహూర్తం టైమ్‌లో ఆ పని పెట్టుకోలేరు.

సినిమా థియేటర్‌లో వేయాల్సిన షార్ట్ ఫిల్మ్ అయితే 24. డాలస్‌లో పెళ్లి, హైదరాబాద్‌లో నిశ్చితార్థం లాంటి కేసు వస్తే అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి కెమెరాలు 23.976లోనో 29.97లోనో తీసి పంపుతాయి. అప్పుడు ఎవరిది ఎక్కువ నిడివి ఉంటే వాళ్ల నంబరు పెట్టుకోండి, రెండో వైపు ఫుటేజ్‌ని సర్దుకోవచ్చు. అందరికీ మధ్యస్థంగా ఉంటుందని 60 పెట్టొద్దు. ఫైల్ బరువు పెరుగుతుంది, 25 ఫుటేజ్ అందులోనూ సమానంగా కూర్చోదు.

మూడో పని: ఫోన్ ఫుటేజ్‌కి ముందుగా వైద్యం

ఫోన్ ఎందుకు తిక్కగా ప్రవర్తిస్తుందంటే, వెలుతురు తగ్గినా వేడెక్కినా అది తన ఇష్టానికి ఫ్రేములు తగ్గించుకుంటుంది. 30 అని చెప్పి ఓ చోట 30, ఓ చోట 28, ఓ చోట 24. ఫోన్‌లోనే చూసినంతసేపూ బాగుంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాక మాట ముందు, పెదవి తర్వాత. అదీ ఒకే తేడాతో ఉండదు, ఓ చోట కలుస్తుంది, ఓ చోట విడిపోతుంది.

దీనికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితమే. ఫైల్ తెరిచి ‘వీడియో’ ట్యాబ్‌లోకి వెళ్లండి. ‘ఫ్రేమ్ రేట్’ దగ్గర ‘సేమ్ యాజ్ సోర్స్’ వదిలేయకుండా నంబరు ఎంచుకోండి. మీడియాఇన్ఫోలో దాదాపు 30 చూపిస్తే 30, దాదాపు 60 చూపిస్తే 60. దాని కింద ‘పీక్’, ‘కాన్‌స్టంట్’ అని రెండు చుక్కలుంటాయి, కాన్‌స్టంట్ నొక్కండి. క్వాలిటీ అంకెని 18 దాకా తగ్గించండి. అక్కడ అంకె తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది, ఇది తెలియక పెంచేసి పాడుచేసుకునేవాళ్లున్నారు. తర్వాత ‘స్టార్ట్ ఎన్‌కోడ్’. వచ్చిన కొత్త ఫైల్‌నే ఎడిటింగ్‌కి వాడండి, పాతది పక్కన భద్రంగా ఉంచండి.

ఈసారి ఫోన్‌తో తీసేవాళ్లకి ముందే చెప్పే అవకాశం ఉంటే: ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియో లోపలికి వెళ్లి ‘షో పాల్ ఫార్మాట్స్’ ఆన్ చేస్తే 25 కనిపిస్తుంది. అదే పేజీలో ‘ఆటో ఎఫ్‌పీఎస్’ ఆఫ్ చేయమనండి. ఆండ్రాయిడ్ అయితే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది, అది పనిచేసే చాలా ఫోన్లలో 25 పెట్టుకోనిస్తుంది.

నాలుగో పని: టైమ్‌లైన్ తాళం వేసి, తర్వాతే ఫుటేజ్

డావించి రిజాల్వ్‌లో: కొత్త ప్రాజెక్ట్ తెరవగానే కింద కుడివైపు ఉన్న పళ్లచక్రం నొక్కండి. ‘మాస్టర్ సెట్టింగ్స్’లో ‘టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్’ 25 చేయండి, దాని కిందున్న ‘ప్లేబ్యాక్ ఫ్రేమ్ రేట్’ కూడా 25 ఉందో లేదో చూడండి. సేవ్ చేశాకే ఫుటేజ్ లోపలికి తీసుకోండి. వేరే నంబరు క్లిప్ వస్తే, ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చమంటారా అని ఒక పెట్టె లేస్తుంది. ‘డోంట్ చేంజ్’. నేను ఆ రాత్రి నొక్కాల్సిన బటన్ ఇదే.

ఇప్పటికే తప్పు నంబరులో ఇరుక్కుని ఉంటే పూర్తిగా మునిగిపోలేదు. కొత్త టైమ్‌లైన్ సృష్టించేటప్పుడు వచ్చే పెట్టెలో ‘యూజ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్’ టిక్ తీసేయండి. ‘ఫార్మాట్’ ట్యాబ్ వస్తుంది, అందులో ఈ ఒక్క టైమ్‌లైన్‌కే 25 ఇవ్వొచ్చు. పాత టైమ్‌లైన్‌లోని క్లిప్పులన్నీ కాపీ చేసి ఇందులో పేస్ట్ చేయండి. కట్‌లు అక్కడక్కడా ఒకటి రెండు ఫ్రేములు జరుగుతాయి, ట్రాన్సిషన్లు ఒకసారి చూసుకోవాలి. మళ్లీ మొదటినుంచి చేయడం కంటే నయం.

ప్రీమియర్ ప్రోలో: ఫైల్, న్యూ, సీక్వెన్స్ (టైమ్‌లైన్‌కి ఇక్కడి పేరు). ‘సెట్టింగ్స్’ ట్యాబ్‌లో ఎడిటింగ్ మోడ్ ‘కస్టమ్’, టైమ్‌బేస్ 25. మొదటి క్లిప్ లాగినప్పుడు సీక్వెన్స్ సెట్టింగ్స్ మార్చమంటారా, ఉన్నవే ఉంచమంటారా అని అడుగుతుంది. ‘కీప్ ఎగ్జిస్టింగ్ సెట్టింగ్స్’ నొక్కండి. అడక్కుండా దాటిపోవాలంటే ఒక చిట్కా: మీ కాగితంలో 25 అని రాసిన ట్రెడిషనల్ కెమెరా క్లిప్‌నే మొదట లాగండి.

క్యాప్‌కట్‌లో ఎడిట్ చేసేవాళ్లు ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోనూ, ఎక్స్‌పోర్ట్ దగ్గరా ఫ్రేమ్ రేట్ చూసుకోవాలి. పట్టించుకోకపోతే 30లో పోతుంది. ఎడియస్ వాడేవాళ్లకి ప్రాజెక్ట్ ప్రీసెట్ ఎంచుకోకుండా లోపలికే పోనివ్వదు కాబట్టి కొంత రక్షణ. కాకపోతే పాత అలవాటు మీద 50ఐ (ఒక్కో ఫ్రేమ్‌ని సగం సగం గీతలుగా చూపించేది) ప్రీసెట్ ఎంచుకుంటే అడ్డగీతల గొడవ మొదలవుతుంది, నిండు ఫ్రేముల 25పి తీసుకోండి.

రిజల్యూషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అవుట్‌పుట్ 1920 బై 1080 ఇవ్వాలంటే టైమ్‌లైన్ అదే పెట్టండి, 4కె క్లిప్పులు అందులో జూమ్ చేసుకోవడానికి వీలుగా ఉంటాయి. ప్రీమియర్‌లో ‘సెట్ టు ఫ్రేమ్ సైజ్’ వాడండి, ‘స్కేల్ టు ఫ్రేమ్ సైజ్’ వాడితే జూమ్ చేసినప్పుడు 4కె పదును రాదు. ఆడియో అంతా 48 కిలోహెర్ట్జ్.

ఐదో పని: కలవని క్లిప్పుల్ని రెండు కుప్పలు చేయండి

అసలు కిటుకు ఇక్కడుంది. కలవని క్లిప్పుల్లో మనకి సౌండ్ కావాల్సినవి ఒక కుప్ప, సౌండ్ అక్కర్లేనివి ఇంకో కుప్ప.

సౌండ్ అక్కర్లేని వాటికి, అంటే డ్రోన్, పూల డెకరేషన్, నగలు, గోరింటాకు చేతులు, వీటికి ఫ్రేములు తీయడమూ వద్దు, కలపడమూ వద్దు. ‘నువ్వు 25 అనుకో’ అని క్లిప్‌కి చెప్పేయండి. రిజాల్వ్‌లో మీడియా పూల్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్, ‘క్లిప్ ఆట్రిబ్యూట్స్’, వీడియో ఫ్రేమ్ రేట్ 25. ప్రీమియర్‌లో రైట్ క్లిక్, ‘మాడిఫై’, ‘ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్’, ‘అస్యూమ్ దిస్ ఫ్రేమ్ రేట్’ 25. టైమ్‌లైన్ మీదకి లాగక ముందే చేయాలి. ఒక్క ఫ్రేమ్ పోదు, ఒక్కటి రెట్టింపు కాదు. 10 సెకన్ల డ్రోన్ షాట్ 12 సెకన్లు అవుతుంది, కాస్త నెమ్మదిగా, ఇంకా హుందాగా తేలుతుంది. 60లో తీసిన 10 సెకన్లు 24 సెకన్ల స్లోమోషన్ అవుతుంది. 50 అయితే సరిగ్గా సగం వేగం. నా చేతికొచ్చే డ్రోన్ ఫుటేజ్‌లో చాలావరకు నేను ఇలాగే దాటిస్తాను, ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

సౌండ్ కావాల్సినవి ఇలా చేస్తే మంత్రాలు సాగి, పురోహితుడుగారి గొంతు బరువెక్కుతుంది. వాటి వేగం ముట్టుకోకూడదు. అక్కడ సాఫ్ట్‌వేర్ ముందు మూడు దారులుంటాయి. మొదటిది ఫ్రేమ్ తీసేయడం లేదా రెట్టింపు చేయడం, రిజాల్వ్‌లో ‘నియరెస్ట్’, ప్రీమియర్‌లో ‘ఫ్రేమ్ శాంప్లింగ్’. రెండోది ‘ఫ్రేమ్ బ్లెండ్’, పక్కపక్క ఫ్రేముల్ని కలిపి చూపిస్తుంది, కదిలే చేయి పక్కన దయ్యంలా ఇంకో చేయి కనిపిస్తుంది. మూడోది ‘ఆప్టికల్ ఫ్లో’, మధ్య ఫ్రేమ్‌ని ఊహించి కొత్తగా గీస్తుంది.

ఆప్టికల్ ఫ్లో అన్నిటికీ మందు అని చెప్పేవాళ్లున్నారు. తలంబ్రాల మీద వేసి చూడండి. గింజలు ఒకదానిలో ఒకటి కరిగి ముద్దన్నంలా అవుతాయి. గింబల్ (కెమెరా కుదుపులు ఆపే పరికరం) మీద మెల్లగా సాగే షాట్లకి, వధూవరులు నడిచొచ్చే షాట్లకి బాగా పనిచేస్తుంది, అక్కడే వాడండి. స్టాండ్ మీద నిలబెట్టి తీసిన ఆశీర్వచనాలకి మొదటి దారే చాలు. తలంబ్రాలు, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం మాత్రం టైమ్‌లైన్ నంబరులోనే తీసిన కెమెరా నుంచి తీసుకోండి, యాంగిల్ కాస్త తక్కువైనా సరే.

ఆరో పని: డోలు దెబ్బతో సింక్ పరీక్ష

మల్టీక్యామ్‌కి, అంటే అన్ని కెమెరాల ఫుటేజ్‌నీ ఒకే క్షణానికి కలపడానికి, సౌండ్‌ని బట్టి సింక్ చేయమంటే సాఫ్ట్‌వేరే చేస్తుంది. చేసిందని ఊరుకోకండి. డోలు మీద పుల్ల పడే క్షణం వెతకండి, సన్నాయి పనికిరాదు, దెబ్బ కావాలి. క్లిప్ మొదట్లో ఒక దెబ్బ, చివర్లో ఒక దెబ్బ చూడండి.

రెండు చోట్లా ఒకే తేడా ఉంటే సింక్ ముందో వెనకో పడింది, జరిపితే సరిపోతుంది. మొదట్లో కలిసి, పోనుపోను తేడా పెరిగితే ఫ్రేమ్ రేట్ తప్పుగా చదివించారు. 29.97 క్లిప్‌ని ఎక్కడో 30 అనిపించి ఉంటే 40 నిమిషాల చివర తేడా 2.4 సెకన్లు వస్తుంది, లెక్క వేసుకుని చూడండి. గంటకి ఒకటి రెండు ఫ్రేములే జరిగితే అది విడి ఆడియో రికార్డర్ గడియారం తేడా, మధ్యలో ఎక్కడైనా కట్ పెట్టి సర్దేయొచ్చు. తేడా ఓ చోట పెరిగి, ఓ చోట తగ్గుతూ ఉంటే ఫోన్ ఫుటేజ్‌ని కాన్‌స్టంట్ చేయకుండా వేసేశారు. మూడో పనికి వెనక్కి వెళ్లండి.

ఎక్స్‌పోర్ట్

టైమ్‌లైన్ 25 అయితే ఎక్స్‌పోర్ట్ 25. యూట్యూబ్ 25ని అలాగే తీసుకుంటుంది, దానికోసం 30కి మార్చక్కర్లేదు. ఇంతా చేసి ఎక్స్‌పోర్ట్ పెట్టెలో పాత ప్రీసెట్ 29.97 ఉండిపోతే మొదటికొస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్ విడిగా కావాలంటే కూడా 25 టైమ్‌లైన్ నుంచి 25గానే తీయండి.

మూడు గంటలూ రెండర్ పెట్టకముందు తలంబ్రాలున్న ఒక్క నిమిషం తీసి చూడండి. ప్లే చేసి కంటితో తేల్చొద్దు. లాప్‌టాప్ స్క్రీన్ సెకనుకి 60 సార్లు మారేది అయితే సరైన 25 వీడియో కూడా అందులో కొంచెం తడబడుతుంది. ఆ నిమిషాన్ని మళ్లీ టైమ్‌లైన్ మీద వేసి బాణం మీటతో ఒక్కో ఫ్రేమ్ జరపండి. ఒక గింజ మీద చూపు నిలపండి. రెండు ఫ్రేముల్లో గింజ కదలకుండా ఒకే చోట ఉంటే ఫ్రేమ్ రెట్టింపు అవుతోంది. ఉన్నట్టుండి రెట్టింపు దూరం దూకితే ఫ్రేమ్ పోతోంది. వరసగా ఓ ముప్పై ఫ్రేములు సాఫీగా దిగితే రెండర్ పెట్టి పడుకోవచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నాక కూడా కస్టమర్ టీవీలో ఏదో తేడాగా ఉందంటే, పిక్చర్ సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ లాంటిది ఆన్‌లో ఉందేమో చూడమనండి. కొత్త టీవీలు చాలావరకు దాన్ని ఆన్‌లోనే ఇస్తాయి, కంపెనీకో పేరుతో. అది మధ్య ఫ్రేముల్ని ఊహించి గీస్తుంది. తలంబ్రాల దగ్గరకొచ్చేసరికి దాని పరిస్థితీ ఆప్టికల్ ఫ్లో లాంటిదే.